ఐదు శాంపిళ్లు కలిపి ఒకే పరీక్ష: మీ జిల్లా ల్యాబ్‌లో అది ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు రాదు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు ఉత్తర తెలంగాణలోని ఒక జిల్లా ఆసుపత్రి ల్యాబ్ బాధ్యతలు చూస్తున్నారు. ఒకే ఆర్టీపీసీఆర్ యంత్రం, ఇద్దరు టెక్నీషియన్లు ఉన్నారు. ఆర్ఎన్ఏ ఎక్స్‌ట్రాక్షన్ (శాంపిల్ నుంచి వైరస్ జన్యుపదార్థాన్ని వేరుచేయడం) చేత్తోనే జరుగుతోంది కనుక రోజుకు 90 శాంపిళ్లకు మించి సాగడం లేదు. జ్వరాల సీజనులో గురుకుల హాస్టళ్ల నుంచి, ఏజెన్సీ పీహెచ్‌సీల నుంచి ఒక్కరోజే 300 దాకా ముక్కు, గొంతు స్వాబ్‌లు వచ్చి పడితే ఏం చేయాలన్నది మీ ఆందోళన. "ఐదేసి కలిపి చేయండి, 300 కాస్తా 60 అవుతాయి" అని మీకు సలహా వచ్చింది. నిజంగా 60తో పని తీరుతుందా, కలిపితే పాజిటివ్‌లు తప్పిపోవా, ఎవరి శాంపిళ్లు కలపకూడదు, రిపోర్టు ఎలా ఇవ్వాలి అని అడిగారు.

నేను వరంగల్‌లో మైక్రోబయాలజీ ల్యాబ్‌లలో 20 ఏళ్లకు పైగా పనిచేశాను. 2020లో కొవిడ్ శాంపిళ్లను కలిపి, విడదీసి, ఆ రిపోర్టుల మీద సంతకాలు చేసినవాళ్లలో నేనూ ఒకడిని. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఒక్కరు కూడా పాజిటివ్ లేని రోజున తప్ప 300 శాంపిళ్లు 60 పరీక్షలతో పూర్తి కావు. పూల్ (అంటే కలిపిన ఐదు శాంపిళ్ల మిశ్రమం) నెగెటివ్ వస్తే ఐదుగురికీ ఒకేసారి రిపోర్టు ఇచ్చేయవచ్చు. పాజిటివ్ వస్తే ఆ ఐదింటినీ మళ్లీ విడివిడిగా చేయాలి, అంటే ఐదు పరీక్షలతో పోయేదానికి ఆరు అవుతాయి. ఆదా అంతా నెగెటివ్ పూల్స్ నుంచే వస్తుంది కాబట్టి, నెగెటివ్‌లు ఎక్కువగా ఉండే గుంపును ఎంచుకోవడం, ఉన్న కొద్దిపాటి పాజిటివ్‌లు అన్ని పూల్స్‌లోకీ చెదిరిపోకుండా ఒకచోటే పడేలా చూడడం, ఈ రెండూ పూలింగ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన పనులు. పిపెట్ పట్టుకోవడం ఆ తర్వాతి సంగతి.

ఈ ఆలోచన కొవిడ్‌తో పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధ సమయంలో అమెరికా సైన్యంలో చేరే యువకులందరికీ సిఫిలిస్ రక్తపరీక్ష చేయవలసి వచ్చినప్పుడు, రాబర్ట్ డార్ఫ్‌మన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1943లో ఈ లెక్క ప్రచురించాడు. నూటికి ఒకరికి జబ్బు ఉన్న గుంపులో 11 మంది రక్తాన్ని కలిపి పరీక్షిస్తే మొత్తం పరీక్షలు దాదాపు ఐదో వంతుకు తగ్గిపోతాయని అందులో చూపించాడు. లెక్క ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కానీ ఎనిమిది, తొమ్మిది శాంపిళ్లు కలిపేసరికే ఆనాటి సిఫిలిస్ పరీక్ష పలచబడి నమ్మకం కోల్పోవడంతో సైన్యం ఆ పద్ధతిని అమలు చేయలేదు. రక్తనిధుల్లో దాతల రక్తానికి చేసే న్యాట్ పరీక్షలో మాత్రం అదే ఆలోచన మినీ పూల్ పేరుతో ఏళ్ల తరబడి నడుస్తోంది. దాతల్లో అత్యధికులు ఆరోగ్యవంతులు కావడం ఒక కారణం, వైరస్ జన్యుపదార్థాన్ని కోట్ల రెట్లు పెంచి చూసే పరీక్ష కావడం మరో కారణం. మీరు పూలింగ్ మొదలుపెట్టే ముందు ఈ రెండు షరతులూ మీ దగ్గర ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కొవిడ్ పూలింగ్ మీద 2020 ఏప్రిల్ 13న ఇచ్చిన సూచనలు ఇప్పటికీ మంచి ప్రాతిపదికే. ఐదు శాంపిళ్లకు మించి కలపవద్దన్నారు. పాజిటివిటీ 2 శాతం లోపున్న ప్రాంతాల్లో కలపవచ్చని, 2 నుంచి 5 శాతం మధ్య ఉంటే లక్షణాలు లేనివారి సామూహిక సర్వేలకే పరిమితం చేయాలని, 5 శాతం దాటితే అసలు వద్దని చెప్పారు. నిర్ధారణ అయిన రోగితో దగ్గరగా మెలిగినవారి శాంపిళ్లను, కొవిడ్ రోగులకు నేరుగా సేవలందించే ఆరోగ్య సిబ్బంది శాంపిళ్లను పూల్ చేయవద్దని కూడా స్పష్టంగా రాశారు. ఆ అంకెల వెనకున్న తర్కం మీ 300 శాంపిళ్ల మీద వేసి చూస్తే అర్థమవుతుంది.

పాజిటివ్‌లు 1 శాతం ఉన్నారనుకోండి. 60 పూల్స్‌లో సగటున మూడు పాజిటివ్ వస్తాయి, వాటిని విడదీయడానికి 15 పరీక్షలు, మొత్తం 75. అదే 2 శాతం అయితే ఆరు పూల్స్ దాకా పాజిటివ్ అవుతాయి, మొత్తం 89 వరకు వెళ్తుంది, అంటే మీ 90 సామర్థ్యం అక్కడికి సరిగ్గా సరిపోతుంది. 5 శాతం అయితే 13, 14 పూల్స్ పాజిటివ్, మొత్తం 128. ఆ రోజు పని ఆ రోజు ముగియదు. 10 శాతం దగ్గర 183, 20 శాతం దగ్గర 262. 30 శాతం వచ్చేసరికి 310 అవుతాయి, కలపకుండా విడిగా చేసుకుంటే 300తోనే పోయేది. ఇది నూటికి నూరు పాళ్లూ కచ్చితంగా జరిగే లెక్క కాదు, సగటు మాత్రమే. ఏ రోజుకా రోజు నాలుగైదు పూల్స్ అటూ ఇటూ అవుతాయి కనుక కిట్లు, చిన్న ట్యూబులు, ఫిల్టర్ టిప్పులు ఆ మేరకు ఎక్కువే దగ్గర పెట్టుకోండి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. గత వారం జిల్లా పాజిటివిటీ రేటు ఎంతో చూసి, ఈ వారం కలపాలా వద్దా అని నిర్ణయిస్తారు. మీ బెంచి మీదకు వచ్చిన గుంపు జిల్లా సగటుతో నడవదు. ఓపీలో దగ్గు, జ్వరంతో వచ్చిన 50 మందిలో 20 శాతం ఉండవచ్చు. అదే రోజు జ్వరాలు లేని హాస్టల్ నుంచి తనిఖీ కోసం తెచ్చిన 250 మందిలో ఒక్కరూ ఉండకపోవచ్చు. రెండింటినీ కలగలిపి ఒక ర్యాకులో పెట్టారంటే ఆ 50 మందిలోని పాజిటివ్‌లు వెళ్లి ఈ 250 మంది పూల్స్‌ను పాడుచేస్తాయి. శాంపిల్ ల్యాబ్ తలుపు దాటగానే, ఎస్ఆర్ఎఫ్ ఐడీతో (శాంపిల్‌తో వచ్చే ఫారం నంబరు) పాటు ఫారంలో లక్షణాల గడి చూసి, లక్షణాలు ఉన్నవాటిని వేరే ర్యాకులో పెట్టించండి. ఫారంలో ఆ గడి ఖాళీగా వస్తే శాంపిల్ పంపిన పీహెచ్‌సీకి అప్పుడే ఫోన్ చేయించాలి. నా మట్టుకు ఖాళీ గడి ఉన్న శాంపిల్‌ను లక్షణాలు ఉన్నట్టే భావించి విడిగా చేయించేవాణ్ణి.

కలపడం మొదలైన తర్వాత మీకు దారి చూపేది పూల్స్ ఫలితమే. ఐదేసి కలిపిన 60 పూల్స్‌లో ఆరు పాజిటివ్ వస్తే ఆ గుంపులో సుమారు 2.1 శాతం ఉన్నట్టు. నాలుగో వంతు, అంటే 15 పూల్స్ పాజిటివ్ వస్తే 5.6 శాతం దాకా ఉన్నట్టు. కాబట్టి పాజిటివ్ పూల్స్ నాలుగో వంతుకు చేరిన రోజున ఆ గుంపుకు పూలింగ్ ఆపేయాలని గోడ మీద రాసి పెట్టుకోండి. 2020 ఎండాకాలంలో చక్కగా పనికొచ్చిన పద్ధతి ఆ ఏడాది జులై, ఆగస్టు నాటికి చాలా చోట్ల భారమైంది. ఆపాల్సిన రోజు ఇదని ముందుగా అనుకుని ఉండకపోవడంతో, రాత్రి రెండు గంటల దాకా పూల్స్ విడదీస్తూ కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి.

ఇప్పుడు పాజిటివ్‌లను ఒకచోట పడేలా చూడడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని పట్టించుకున్న ల్యాబ్‌లు తక్కువ. వైరస్ మనుషుల్లో చీటీలు తీసినట్టు అక్కడొకరికీ ఇక్కడొకరికీ అంటదు. ఒకే గదిలో పడుకునేవాళ్లకు, ఒకే బెంచి మీద కూర్చునేవాళ్లకు, ఒకే ఆటోలో వచ్చేవాళ్లకు కలిసి అంటుతుంది. 300 మంది పిల్లలున్న హాస్టల్‌లో 15 మందికి సోకిందనుకుందాం. శాంపిళ్లు వచ్చిన వరుసలో ఎలా పడితే అలా కలిపితే ఆ 15 మంది 13, 14 పూల్స్‌లోకి చెదిరి, మొత్తం 128 పరీక్షలు చేయిస్తారు. అదే గదివారీగా కలిపి, ఆ 15 మందీ ఐదేసి మంది ఉండే మూడు గదులవాళ్లే అయితే మూడు పూల్సే పాజిటివ్ అవుతాయి. 60కి 15 కలిపి 75తో పని ముగుస్తుంది. పైగా ఒకే పూల్‌లో ఇద్దరు ముగ్గురు పాజిటివ్‌లు ఉంటే పలచబడటం వల్ల వచ్చే నష్టం కూడా తగ్గుతుంది. ఒకరి శాంపిల్‌లో వైరస్ తక్కువగా ఉన్నా పక్కవాడి శాంపిల్ ఆ పూల్‌ను పట్టిస్తుంది, విడదీసినప్పుడు ఇద్దరూ బయటపడతారు.

అందుకోసం శాంపిల్ తీసేచోటే వరుస కుదరాలి. ఏఎన్ఎంలకు ఒక్క మాట చెప్పి, గది నంబరు ప్రకారం స్వాబ్‌లు తీసి అదే వరుసలో ర్యాకులో పెట్టించండి. ఏనుమాముల మార్కెట్ యార్డులో హమాలీలను పరీక్షించాల్సి వస్తే ముఠావారీగా, సింగరేణి గనుల్లో అయితే షిఫ్టు, పనిస్థలం వారీగా, పల్లెలో అయితే ఇంటివారీగా. అయితే ఒక గదిలో ఇప్పటికే ఒకరికి పాజిటివ్ అని తేలి ఉంటే మిగిలినవాళ్లు సన్నిహితులే అవుతారు, వాళ్లను పూల్ చేయకూడదు, విడిగానే చేయాలి. గదివారీ పద్ధతి ఇంకా ఏ కేసూ బయటపడని గదులకే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఇలా కలిపినప్పుడు పాజిటివ్ పూల్స్ సంఖ్య నుంచి శాతం అంచనా కట్టే పై లెక్క తక్కువ చేసి చూపిస్తుంది, ఎందుకంటే ఆ లెక్క పాజిటివ్‌లు చెదిరి ఉన్నారని అనుకుని కట్టింది. డీఎంహెచ్ఓ గారికి పంపే నివేదికలో విడదీసిన తర్వాత తేలిన అసలు సంఖ్యనే రాయండి.

ఇక పాజిటివ్‌లు తప్పిపోవా అన్న మీ రెండో సందేహం. తప్పిపోతాయి, కొన్ని. ఎంత మేరకు అన్నది ముందే తెలుసుకోవచ్చు. పీసీఆర్‌లో సైకిల్ సైకిల్‌కూ పదార్థం రెండింతలు అవుతుంది కనుక ఐదు రెట్లు పలచబడితే సీటీ విలువ (ఎన్నో సైకిల్‌లో వైరస్ కనబడిందో చెప్పే అంకె) సుమారు 2.3 పెరుగుతుంది. ఎనిమిదైతే 3, పదైతే 3.3. విడిగా 25 దగ్గర వచ్చే శాంపిల్ పూల్‌లో 27 దాటి వస్తుంది, దాన్ని ఏ ల్యాబ్ కూడా వదిలిపెట్టదు. విడిగా 36 దగ్గర వచ్చేది 38 దాటుతుంది, అక్కడ అది కనబడవచ్చు, కనబడకపోవచ్చు. అలాంటి బలహీనమైన పాజిటివ్‌లు జబ్బు తగ్గుముఖం పట్టినవాళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. కానీ నిన్ననో మొన్ననో సోకి, ఇంకా వైరస్ పెరగనివాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. హాస్టల్ తనిఖీలో ఈ నష్టాన్ని భరించవచ్చు, ఎందుకంటే పూలింగ్ లేకపోతే ఆ 300 మందిలో 210 మందికి ఆ రోజు పరీక్షే జరగదు. మంచం మీదున్న రోగి విషయంలో ఆ నష్టాన్ని భరించే హక్కు మనకు లేదు.

కాబట్టి పూల్ ఫలితాన్ని చూసేటప్పుడు విడి శాంపిల్‌కు వాడే గీతను వాడకండి. విడి శాంపిల్‌లో సీటీ 35 దాటితే ఆలోచించే అలవాటు మనకు ఉంటుంది. పూల్‌లో మాత్రం 40 సైకిళ్ల లోపు ఎక్కడ నిజమైన వంపుతో యంత్రం గ్రాఫులో రేఖ పైకి లేచినా, ఒక్క జన్యువులోనే లేచినా, ఆ ఐదింటినీ విడదీయాల్సిందే. ఒక్కోసారి పూల్ 37లో లేస్తుంది, విడదీస్తే ఐదూ నెగెటివ్ వస్తాయి. అప్పుడు పూల్ తప్పని కొట్టిపారేయకుండా అదే వీటీఎం (స్వాబ్‌ను ముంచి పంపే ద్రావణం) నుంచి ఆర్ఎన్ఏ కొత్తగా తీసి ఇంకోసారి చేయించండి. అప్పటికీ తేలకపోతే ఆ ఐదుగురికీ కొత్త స్వాబ్ అడగాలి.

సీటీ కన్నా నన్ను ఎక్కువగా భయపెట్టే విషయం ఇంకొకటుంది, దాన్ని సూచనల పత్రాల్లో ఒక వాక్యంలో దాటేస్తారు. విడి శాంపిల్‌లో ఆర్‌నేజ్ పీ అనే మానవ జన్యువును కూడా చూస్తాం. అది రాకపోతే స్వాబ్ సరిగా తీయలేదని, లేదా ఎక్స్‌ట్రాక్షన్ విఫలమైందని తెలుస్తుంది. పూల్‌లో ఆ కాపలా పనిచేయదు. ఐదుగురిలో నలుగురి స్వాబ్‌లు బాగుండి, ఐదోవాడి స్వాబ్ పెదవులకు తగిలించి వీటీఎంలో వేసిందైనా, ఆ నలుగురి కణాలతో ఆర్‌నేజ్ పీ చక్కగా వస్తుంది. పూల్ నెగెటివ్ అవుతుంది, ఏమీ పరీక్షించని ఆ ఐదో మనిషికి కూడా నెగెటివ్ రిపోర్టు వెళ్తుంది. ఒక ట్యూబులో స్వాబే లేకుండా వీటీఎం మాత్రమే వచ్చిన సందర్భం నేను చూశాను. కలిపేముందు టెక్నీషియన్ ట్యూబును వెలుతురుకు ఎత్తి చూసే అలవాటున్నవాడు కాబట్టి దొరికింది. మీ దగ్గరా ప్రతి ట్యూబునూ అలా ఎత్తి చూడాలి: స్వాబ్ ఉందా, పుల్ల సరైన చోట విరిచారా, వీటీఎం రంగు మారిందా, కారిపోయి అడుగునే మిగిలిందా. ఇందులో ఏది తేడాగా ఉన్నా ఆ ట్యూబు పూల్‌లోకి వెళ్లకూడదు. దీంతోపాటు రోజూ నెగెటివ్ పూల్స్‌లో నుంచి ఏవో నాలుగైదు విడి శాంపిళ్లు తీసి ఆర్‌నేజ్ పీ మాత్రం చేయించండి. వారం తిరిగేసరికి ఏ బృందం స్వాబ్‌లు సరిగా తీయడం లేదో మీకే తెలిసిపోతుంది.

బెంచి మీద పని ఇలా సాగాలి. బయోసేఫ్టీ క్యాబినెట్‌లో ఐదు వీటీఎం ట్యూబులను వార్టెక్స్ చేసి (యంత్రం మీద గట్టిగా కుదిపి), ఒక్క నిమిషం స్పిన్ ఇచ్చి (సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి), మూత తీసేముందు కాసేపు ఆగండి. వార్టెక్స్ చేయగానే మూత తీస్తే మూత లోపలి తుంపర పక్క ట్యూబులోకి పోతుంది. ఒక్కోదాంట్లో నుంచి 100 మైక్రోలీటర్ల చొప్పున తీసి కలిపితే 500 అవుతుంది, అందులో నుంచి 200 ఎక్స్‌ట్రాక్షన్‌కు వెళ్తుంది. అంటే ఒక్కో మనిషి వాటా 40 మైక్రోలీటర్లే. చీమిడి చిక్కగా ఉన్న శాంపిల్‌లో టిప్పు మూసుకుపోయి సగమే లోపలికి వస్తుంది, చూసేవాడికి నిండినట్టే కనిపిస్తుంది. అలాంటిదాన్ని ఇంకోసారి వార్టెక్స్ చేయాలి, అప్పటికీ జిగటగా ఉంటే పూల్‌లో వేయకుండా విడిగా చేయాలి. ఒక్క మూత తెరిచి ఉండగా ఇంకో మూత తెరవకూడదు. ఒక్కో శాంపిల్‌కు కొత్త ఫిల్టర్ టిప్పు తప్పనిసరి. మిగిలిన వీటీఎం 2 నుంచి 8 డిగ్రీల మధ్య 72 గంటల దాకా ఉంచవచ్చు, విడదీసే పని దానితోనే కనుక పూల్ ఫలితం వచ్చేదాకా ఆ ర్యాకును ఎవరూ కదపకూడదు.

పేర్ల తారుమారు గురించి మా దగ్గర జరిగింది చెబుతాను. అప్పుడు పూల్ నంబరును ట్యూబు మూత మీద మార్కర్‌తో రాసేవాళ్లం. ఒకరోజు సాయంత్రం ర్యాకును స్పిరిట్‌తో తుడిచేటప్పుడు ఎనిమిది మూతల మీద అంకెలు చెరిగిపోయాయి. అందులో రెండు పూల్స్ పాజిటివ్. ఏ పూల్ ఏదో తేల్చుకోలేక ఆ ఎనిమిది పూల్స్ తాలూకు 40 శాంపిళ్లనూ ఆ రాత్రే విడిగా చేశాం. ఆ కిట్లు మర్నాటికి వచ్చే శాంపిళ్ల కోసం దాచినవి. ఆ తర్వాత నుంచి మూత మీద రాయడం పూర్తిగా మానేశాం. నంబరు ట్యూబు ఒంటి మీద, ముద్రించిన అంటింపు చీటీతో. ఒక కాగితం మీద ర్యాకు గడులు గీసి, ఎ1 నుంచి ఎ5 దాకా ఫలానా ల్యాబ్ నంబర్లు ఒకటో పూల్, అని ఒకరు బిగ్గరగా చదువుతుంటే ఇంకొకరు రాసుకోవాలి. కలిపే చేయి, రాసే చేయి ఒకరివి కాకూడదు. ఇద్దరే టెక్నీషియన్లున్న మీ ల్యాబ్‌లో ఇది కష్టమే, అయినా ఆ అరగంట డేటా ఎంట్రీ ఆపరేటర్‌ను బెంచి దగ్గర, క్యాబినెట్‌కు దూరంగా కూర్చోబెట్టుకోండి.

ఎవరివి కలపకూడదన్నదానికి ఐసీఎంఆర్ చెప్పినవారు కాక నేను ఇంకొందరిని చేరుస్తాను: వార్డులో చేరిన రోగులు, ఐసీయూలోకి వెళ్లేవారు, ఆపరేషన్ కోసం ఆగినవారు, కాన్పుకు వచ్చిన గర్భిణులు, డయాలసిస్ రోగులు. వీళ్లలో పాజిటివిటీ ఎంత అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పూల్ పాజిటివ్ అయిందంటే వీళ్ల రిపోర్టు ఇంకో రన్ పూర్తయ్యేదాకా రాదు, మీ యంత్రంలో అది ఆరేడు గంటలు. అంతసేపు ఆపరేషన్ టేబుల్ ఆగదు, కాన్పు అసలే ఆగదు.

ఇప్పుడు వాడే కిట్లలో కొన్ని ఒకే పరీక్షలో కొవిడ్, ఇన్‌ఫ్లుయెంజా ఎ, ఇన్‌ఫ్లుయెంజా బి మూడూ చూస్తాయి కనుక 2020 లెక్కను ఉన్నది ఉన్నట్టు ఎత్తుకోకండి. కొవిడ్ 1 శాతమే ఉన్నా, ఇన్‌ఫ్లుయెంజా 5 శాతం ఉంటే పూల్‌ను పాజిటివ్ చేసేది రెండూ కలిసి, అంటే సుమారు 6 శాతం. పూలింగ్ మొదలుపెట్టాలా అని ఆలోచించేటప్పుడు అన్ని వైరస్‌ల శాతాలూ కూడి చూడాలి. వానాకాలంలో ఇన్‌ఫ్లుయెంజా పెరిగే వారాల్లో మూడింటి కిట్‌తో పూలింగ్ దాదాపు ఎప్పుడూ గిట్టదు.

ఏజెన్సీ శాంపిళ్ల గురించి ప్రత్యేకంగా అడిగారు. ఐదుగురి స్వాబ్‌లను తీసేటప్పుడే ఒకే వీటీఎం ట్యూబులో వేసే పద్ధతి కూడా ఉంది. అందులో వైరస్ పలచబడటం తక్కువ, ట్యూబులు ఐదో వంతే కావాలి, చూడటానికి ఎంతో సుఖంగా ఉంటుంది. కానీ ఆ ట్యూబు పాజిటివ్ వస్తే ఎవరిదో తెలియాలంటే ఆ ఐదుగురి దగ్గరకూ మళ్లీ వెళ్లాలి. వానాకాలంలో వాగులు పొంగితే వాజేడు, కన్నాయిగూడెం మండలాల గూడేలకు మళ్లీ వెళ్లడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఈలోగా ఆ ఐదు కుటుంబాలూ అనుమానంతో కూర్చోవాలి. అక్కడ మాత్రం మనిషికో ట్యూబు తీసి, ఐస్ ప్యాకులతో వ్యాక్సిన్ క్యారియర్‌లో పెట్టి తెప్పించుకుని, కలిపే పని ల్యాబ్‌లోనే చేయండి. ఆర్ఎన్ఏ తీసిన తర్వాత కలపవచ్చా అని కొందరు అడుగుతారు. అలా చేస్తే పీసీఆర్ రసాయనాలు మిగులుతాయి, ఎక్స్‌ట్రాక్షన్ పని ఏమాత్రం తగ్గదు. మీ పని ఆగిపోయేది ఎక్స్‌ట్రాక్షన్ దగ్గరే కదా, కనుక వీటీఎం దశలోనే కలపాలి.

డెంగీ ఎలైసాకు (రంగు మార్పును బట్టి చూసే రక్తపరీక్ష) కూడా ఇదే పద్ధతి వాడవచ్చా అన్న మీ చివరి మాటకు జవాబు: వద్దు. ఎలైసాలో పదార్థం రెండింతలు కావడం ఉండదు, పలచబడినంత మేరా రంగు తగ్గుతుంది, ఆనాటి సిఫిలిస్ పరీక్షకు జరిగినదే జరుగుతుంది. దోమలను పట్టి కలిపి పీసీఆర్ చేసే పద్ధతి వేరు. అక్కడ ఏ దోమకు సోకిందో ఎవరికీ అక్కర్లేదు, ఆ ఊళ్లో వైరస్ ఉందా లేదా అన్నదే కావాలి.

మొదలుపెట్టే ముందు రెండు రోజులు పరీక్షించి చూసుకోండి. మీ డీప్ ఫ్రీజర్‌లో ఉన్న పాత పాజిటివ్‌లలో ఒక 20 ఎంచుకోండి, వాటిలో కనీసం ఐదారు 33 నుంచి 36 సీటీ మధ్య ఉన్న బలహీనమైనవి కావాలి. వీటిని ముందు ఇప్పుడు మళ్లీ విడిగా చేసి, ఒక్కోదాన్ని నాలుగు నెగెటివ్‌లతో కలిపి పక్కపక్కనే నడపండి. ఫ్రీజర్‌లో ఉండి కొంత పాడై ఉంటాయి కనుక పాత రిపోర్టులోని సీటీతో పోల్చకూడదు. విడికీ పూల్‌కూ మధ్య తేడా సగటున 2.3 దగ్గర ఉంటే మీ చేతులు, మీ కిట్ బాగున్నట్టు. మూడున్నర, నాలుగు వస్తుంటే ఎక్కడో పదార్థం పోతోంది. పిపెట్ కాలిబ్రేషన్, ఆర్ఎన్ఏను పట్టే కాలమ్ మీద ఎక్కువ చీమిడి, వాష్ సరిగా జరగకపోవడం, ఈ మూడింటినీ ఆ క్రమంలో చూడండి. బలహీనమైన ఆరింట్లో మూడు తప్పిపోతే ఐదుకు బదులు మూడేసి కలపండి. మూడేసి కలిపితే తేడా 1.6 సైకిళ్లే, 2 శాతం దగ్గర మీ 300 శాంపిళ్లు 118 పరీక్షలతో అవుతాయి. ఐదుకంటే ఎక్కువే, విడిగా చేసేదాంట్లో మాత్రం సగం కన్నా తక్కువ.

రిపోర్టు విషయం. పూల్ పాజిటివ్ అన్న మాట ల్యాబ్ గడప దాటి వెళ్లకూడదు, ఫోన్‌లో కూడా చెప్పకూడదు. హాస్టల్ వార్డెన్‌కు "మీ ఫలానా గది పూల్ పాజిటివ్" అని తెలిసిందంటే, నలుగురు ఆరోగ్యంగా ఉన్న పిల్లలను కూడా ఆ రాత్రే వేరుగా పడుకోబెడతారు, ఊళ్లో తల్లిదండ్రులకు కబురు వెళ్తుంది. విడదీసి తేలేదాకా ఆ ఐదుగురి రిపోర్టూ "పరీక్ష కొనసాగుతోంది" అనే ఉండాలి. నెగెటివ్ పూల్‌లో ఉన్నవారి రిపోర్టు మీద ఐదు శాంపిళ్ల పూల్ పద్ధతిలో పరీక్షించామని ఒక వరుస తప్పక రాయండి. రెండు రోజుల్లో ఆ పిల్లవాడికి జ్వరం వస్తే చూసే డాక్టరు ఆ వరుస చదివి, పాత నెగెటివ్‌ను నమ్ముకోకుండా కొత్త స్వాబ్ విడిగా పంపుతారు. ఆ స్వాబ్ వచ్చిన రోజున మీ రిజిస్టరులో పాత పూల్ నంబరు పక్కనే దాని ఫలితం కూడా రాసి పెట్టుకోండి. నెల తర్వాత మీ పూల్స్ ఎందరిని వదిలేశాయో అదొక్కటే చెబుతుంది.